నిజాంకు తుపాకులు మోసిన వైమానికుడు సిడ్నీ కాటన్



ఈ ప్రత్యేక సంచికలో విమానాలు నడిపినవారి మరపురాని ప్రయాణాల గురించి ఒక వ్యాసం ఉండాలని సంపాదకవర్గం వారు తలచి, ఆ పని నాకు అప్పగించారు. నేను విమానం ఎక్కింది రెండే రెండుసార్లు. రెండుసార్లూ అబ్బాయి టికెట్ తీస్తేనే. అయినా ముప్పయ్యారు సంవత్సరాలు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల రెవెన్యూ కార్యాలయాలలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి గనుక, అప్పగించిన పని కాదనే అలవాటు లేదు.

ఎవరి గురించి రాయాలి అని ఆలోచిస్తే మన ప్రాంతం చరిత్రతో ముడిపడిన ఒక పైలట్ గుర్తుకు వచ్చాడు. ఆయన పేరు సిడ్నీ కాటన్. కాటన్ అనగానే మనవారికి గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొర గుర్తుకు వస్తాడు. ఆయన వేరు, ఈయన వేరు. ఆయన నీళ్లు తెచ్చినవాడు. ఈయన 1948లో కరాచీ నుండి రాత్రిపూట విమానాలలో నిజాం ప్రభుత్వానికి తుపాకులు తెచ్చినవాడు. రజాకార్ల కాలం చూసిన మన పెద్దల ముచ్చట్లలో ఈ పేరు వచ్చేది. కానీ ఆయన ఎవరు, ఎక్కడివాడు, మన దగ్గరికి ఎందుకు వచ్చాడు అన్నది చాలామందికి తెలియదు. ఆ సంగతులు నాకు తెలిసినంతలో వరుసగా చెబుతాను.

బాల్యము, చదువు

ఫ్రెడరిక్ సిడ్నీ కాటన్ 1894 జూన్ 17న ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో, ప్రొసర్‌పైన్ అనే ఊరి దగ్గర పుట్టాడు. తండ్రికి వేల ఎకరాల పశువుల మేత భూములు ఉండేవి. మన లెక్కన చెప్పాలంటే పెద్ద దొరల కుటుంబం. 1910లో కుటుంబం ఇంగ్లాండు వెళ్లినప్పుడు కుర్రవాణ్ణి చెల్టన్‌హామ్ కాలేజీలో వేశారు. రెండేళ్లకే తిరిగి వచ్చి ఆస్ట్రేలియాలో పశువుల క్షేత్రంలో పని నేర్చుకుంటూ ఉండగా 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది.

1915లో కాటన్ ఇంగ్లాండు వెళ్లి నౌకాదళానికి చెందిన వైమానిక విభాగంలో చేరాడు. ఆ రోజుల్లో పైలట్ శిక్షణ ఎంత తక్కువగా ఉండేదంటే, ఒంటరిగా ఐదు గంటలు ఎగిరితే చాలు, యుద్ధానికి పనికి వస్తాడని పంపేవారు. ఈ కాలంలో కారు లైసెన్సుకు కూడా అంతకంటే ఎక్కువ తిప్పించుకుంటారు. విమానం అంటే కర్ర, గుడ్డ, తీగలు. పైన కప్పు ఉండదు. పైలట్ తల, భుజాలు గాలిలోనే ఉంటాయి. పైకి పోయినకొద్దీ చలి. చేతివేళ్లు కొయ్యబారితే తుపాకీ మీట నొక్కడం కూడా కష్టం. శత్రువు గుండుకంటే ముందు చలే మనిషిని దెబ్బతీసేది.

మొదటి ప్రయాణం: నూనె మరకల బట్టలు

ఆయన పేరు మొదట ప్రపంచానికి తెలిసింది యుద్ధంలో శత్రువును కూల్చినందుకు కాదు. ఒక జత బట్టల వలన.

1916 నాటి చలికాలం. కాటన్ తన విమానం ఇంజనును స్వయంగా మరమ్మతు చేసుకుంటున్నాడు. ఒంటి మీద మెకానిక్కులు వేసుకునే పాత పనిబట్టలు. వాటినిండా నూనె, గ్రీజు మరకలు. ఇంతలో శత్రు విమానాలు వస్తున్నాయని పిలుపు వచ్చింది. బట్టలు మార్చుకునే వ్యవధి లేక అలాగే ఎక్కి ఎగిరాడు. తిరిగి దిగిన తరువాత చూస్తే మంచి తోలుకోట్లు వేసుకున్న తోటి పైలట్లంతా వణుకుతున్నారు. ఈయనకు మాత్రం చలి తెలియలేదు.

ఇంకొకరైతే అదృష్టం అనుకుని ఊరుకునేవారు. కాటన్ కారణం వెతికాడు. నూనె, గ్రీజు పట్టిన గుడ్డలోనుండి గాలి దూరదు. ఒంటి వేడి బయటికి పోదు. అంతే సంగతి. ఈ సూత్రం మీద ఒక సూటు కుట్టించాడు. లోపల పలుచని బొచ్చు, మధ్య గాలి చొరని పట్టు, పైన గట్టి గుడ్డ, మూడు పొరలు. మెడ దగ్గర, మణికట్టు దగ్గర, చీలమండ దగ్గర గాలి దూరకుండా కట్టుదిట్టం. సిడ్నీలోని మొదటి అక్షరాలు, కాటన్‌లోని మొదటి అక్షరాలు కలిపి దానికి సిడ్‌కాట్ అని పేరు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి కూడా బ్రిటిష్ వైమానికదళంలో ఈ సూటు వాడకంలో ఉంది. ఎన్ని వేలమంది పైలట్లు ఈ బట్టల వలన చలినుండి బయటపడ్డారో లెక్కకట్టలేము.

ఇంత చేసినవాడు 1917 అక్టోబరులో ఉద్యోగానికి రాజీనామా చేశాడు. పై అధికారులతో పొసగలేదు. తనకు సరి అనిపించినది ఎవరు చెప్పినా మార్చుకోడు. ఈ గుణం చివరిదాకా ఆయనతోనే ఉంది. మంచికీ చెడుకూ కూడా అదే కారణం అయింది.

మంచు దేశంలో వ్యాపారం

యుద్ధం తరువాత కొంతకాలం టాస్మేనియాలో తండ్రి వ్యాపారం చూశాడు. 1920లో మళ్లీ ఇంగ్లాండు చేరాడు. అక్కడినుండి ఉత్తర అమెరికా అంచున ఉన్న న్యూఫౌండ్‌లాండ్ వెళ్లి, 1923 వరకు విమానాలతో వ్యాపారం చేశాడు. మంచుగడ్డల మీద సీల్ అనే సముద్ర జంతువుల మందలు ఎక్కడ ఉన్నాయో పైనుండి చూసి వేట ఓడలకు కబురు చేయడం, మంచులో దారులు మూసుకుపోయిన ఊళ్లకు టపా చేరవేయడం అక్కడి పని. రన్‌వే లేదు, వాతావరణ సమాచారం లేదు. మంచు మీదనే దిగాలి, మంచు మీదనుండే లేవాలి. లాభం పెద్దగా రాలేదు. కానీ ఎక్కడ పడితే అక్కడ విమానం దించగల ధైర్యం అక్కడ గట్టిపడింది.

1930ల్లో డుఫేకలర్ అనే రంగుల ఫిల్ము వ్యాపారంలోకి దిగాడు. అలా ఫొటోగ్రఫీ తెలిసింది. విమానం ముందే తెలుసు. ఈ రెండు విద్యలూ కలిసినచోట ఆయన జీవితంలోని పెద్ద పని మొదలైంది.

రెండవ ప్రయాణం: జర్మనీ మీద కెమెరా కన్ను

1938లో బ్రిటిష్ గూఢచారి శాఖకు ఒక చిక్కు వచ్చిపడింది. హిట్లర్ యుద్ధానికి సిద్ధమవుతున్నాడని తెలుసు. కానీ ఫ్యాక్టరీలు, కోటలు, ఓడరేవులు ఎక్కడెక్కడ ఎలా ఉన్నాయో ఫొటోలు కావాలి. సైనిక విమానం పంపితే అప్పుడే యుద్ధం. అందుకని వ్యాపారస్తుడుగా తిరిగే పైలట్ కోసం చూశారు. కాటన్ దొరికాడు.

ఆయన కోసం లాక్‌హీడ్ కంపెనీ వారి రెండు ఇంజన్ల చిన్న విమానం కొన్నారు. కాటన్ దానికి అదనపు పెట్రోలు ట్యాంకులు పెట్టించి, ఏడు వందల మైళ్లు పోయే బండిని పదహారు వందల మైళ్లు పోయేటట్టు చేశాడు. నేలభాగంలో మూడు కెమెరాలు అమర్చి, వాటిమీద జరిగే పలకలు బిగించాడు. మూసి ఉంటే ఎవరు చూసినా మామూలు ప్రయాణికుల విమానమే. చాలా ఎత్తులో అద్దాలమీద మంచుపట్టి ఫొటోలు చెడిపోవడం అప్పటికి అందరికీ ఉన్న సమస్య. లోపలి వెచ్చని గాలి కెమెరా అద్దం మీదుగా పారేటట్టు చేసి ఆ సమస్యను తీర్చాడు. చూడండి, చలి సంగతి మళ్లీ ఇక్కడ కూడా ఆయనకు పనికి వచ్చింది.

విమానానికి వేసిన రంగు వెనుక మన దేశానికి సంబంధించిన ముచ్చట ఒకటి చెబుతారు. లండన్ దగ్గర హెస్టన్ విమానాశ్రయంలో జోధ్‌పూర్ మహారాజా గారి సొంత విమానం లేత ఆకుపచ్చ రంగులో ఉండేదట. అది లేచిన కొద్దిసేపటికే ఆకాశంలో కలిసిపోయి కనపడకపోవడం కాటన్ గమనించి, తన విమానానికి కూడా అలాంటి రంగే వేయించాడట.

1939లో కెనడాకు చెందిన నివెన్ అనే సహాయ పైలట్‌తో కలిసి కాటన్ జర్మనీకి రాకపోకలు సాగించాడు. పైకి ఫిల్ము వ్యాపారం. లోపల కెమెరాలు. ఆ సంవత్సరం జూలైలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానాల ప్రదర్శన జరిగితే అక్కడికి కూడా వెళ్లాడు. ఆ కొత్త విమానం చూసి ముచ్చటపడ్డ జర్మన్ వైమానికదళ అధికారులను ఎక్కించుకుని తిప్పాడు. వారిలో తరువాత ఫీల్డుమార్షల్ అయిన కెసెల్‌రింగ్ స్వయంగా విమానం నడుపుతూ ఉంటే, పక్కన కూర్చున్న కాటన్ మీట నొక్కి కింద ఉన్న జర్మన్ స్థావరాలను ఫొటోలు తీశాడని చెబుతారు. తమ రహస్యాలను తమ అధికారే మోసుకుని తిరుగుతున్నాడని జర్మన్లకు తెలియలేదు.

ఆగస్టు చివరివారంలో పరిస్థితి ఇంకా బిగిసింది. జర్మన్ మంత్రి గోరింగ్‌ను చర్చలకు రహస్యంగా లండన్ తీసుకురావాలనే ఏర్పాటు మీద కాటన్ బెర్లిన్ వెళ్లాడు. ఆ ప్రయాణం రద్దయింది. యుద్ధానికి ముందు బెర్లిన్ నుండి బయటపడిన చివరి పౌర విమానం ఆయనదే అంటారు. ప్రాణాలతో ఇంగ్లాండు చేరితే చాలు అనుకోవలసిన సమయంలో కూడా, దారిలో విల్హెల్మ్స్‌హావెన్ రేవులో ఉన్న జర్మన్ యుద్ధనౌకలను ఫొటో తీసుకుని మరీ వచ్చాడు. 1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది.

యుద్ధం మొదలయ్యాక ఆయనను వైమానికదళంలోకి తీసుకుని హెస్టన్‌లో ఫొటోల కోసం ఒక ప్రత్యేక విభాగం ఏర్పాటు చేశారు. అక్కడ ఆయన చేసిన పని, దళం ఆలోచననే మార్చింది. అంతవరకు బరువైన, నెమ్మదైన విమానాలతో ఫొటోలకు పోయేవారు. వాటిలో చాలా కూలిపోయేవి. కాటన్, ఆయన కింద పనిచేసిన లాంగ్‌బాటమ్ అనే యువ అధికారి స్పిట్‌ఫైర్ విమానాలనుండి తుపాకులన్నీ తీసివేశారు. సందులు పూడ్చి, పైభాగం నున్నగా చేసి, లేత రంగు వేసి, కెమెరాలు పెట్టారు. తుపాకీ లేని యుద్ధ విమానం. రక్షణ అంతా ఎత్తులో, వేగంలో. 1939 నవంబరు 18న లాంగ్‌బాటమ్ అలాంటి విమానంలో ముప్పయి వేల అడుగులకు పైన ఎగిరి జర్మన్ సరిహద్దులో మొదటిసారి ఫొటోలు తీశాడు. యుద్ధమంతటా బ్రిటన్ తీసిన లక్షలాది ఫొటోలకు ఇదే పునాది.

ఉద్యోగం పోయింది

1940 జూన్‌లో కాటన్‌ను ఆ విభాగం అధిపతి పదవినుండి తొలగించారు. దానికి కారణాలు ఆఫీసులలో పనిచేసిన మనకు సులువుగా అర్థమవుతాయి. కావలసిన సామాను ఇండెంటు పెట్టి, మంజూరు వచ్చేదాకా ఆగడం ఆయనకు చేతకాదు. పై అధికారిని దాటి ఇంకా పైవారి దగ్గరికి పోయేవాడు. సొంత డబ్బు పెట్టేవాడు, సొంత స్నేహాలు వాడేవాడు. ప్రభుత్వపు పనికీ సొంత వ్యాపారానికీ నడుమ గీత ఉంచడని అధికారులకు అనుమానం. 1941లో ఓ.బి.ఇ. బిరుదు ఇచ్చి గౌరవించారు గాని, ఆ విభాగం మాత్రం ఇంకొకరి చేతికి పోయింది.

ఈ ఘట్టం చదివినప్పుడు నాకు ఆయన మీద జాలి కలిగింది. సమయానికి పని చేసినవాణ్ణి ఫైలు పద్ధతి తెలియదని పంపేశారు. కానీ మరో మాట కూడా నిజం. పద్ధతులు ఉన్నవి పనిని ఆపడానికి మాత్రమే కాదు. ఈ పని ఎవరి కోసం, ఎవరి సొమ్ముతో, ఎవరి అనుమతితో అని ఒక్క నిమిషం ఆగి అడగడానికి కూడా ఉన్నవి. ఆ ప్రశ్న అడిగే అలవాటు కాటన్‌కు లేదు. ఎనిమిదేళ్ల తరువాత అది మన గడప దగ్గరికి వచ్చింది.

హైదరాబాద్ సంస్థానం నాటి స్థితి

1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా మనకు రాలేదు. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సంస్థానాన్ని విడిగా ఉంచదలచాడు. నవంబరు 29న భారత ప్రభుత్వంతో ఏడాది గడువు గల యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ తరువాత మీర్ లాయక్ అలీ ప్రధానమంత్రి అయ్యాడు. ఆయన ఇంజనీరు, పారిశ్రామికవేత్త. మన ఆదిలాబాద్ జిల్లా సిర్పూరు కాగితం మిల్లుతో సంబంధం ఉన్నవాడు. ఆ మిల్లు కాగితం మీదనే మనలో చాలామంది నోట్‌ఫైళ్లు రాశాము.

అప్పటికి ఊళ్లలో పరిస్థితి ఎలా ఉండేదో ఎనభై దాటిన మన సభ్యులకు నేను చెప్పనక్కరలేదు. ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు ఊళ్లమీద పడుతున్నారు. ఒకవైపు లెవీ ధాన్యం, మరొకవైపు దోపిడి. 1948 మార్చి 14న హుస్నాబాద్ ప్రాంతంలోని మహమ్మదాపూర్ దగ్గర అనభేరి ప్రభాకరరావు గారు అనుచరులతో సహా నేలకొరిగారు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల యువకులు ఎందరో గోదావరి, ప్రాణహిత దాటి చాందా శిబిరానికి చేరారు. తరువాత దేశ ప్రధాని అయిన వంగర వాస్తవ్యులు పి.వి. నరసింహారావు గారు ఆ శిబిరంలో పనిచేసినవారే.

అదే సమయంలో భారత ప్రభుత్వం సంస్థానంలోకి సరుకులు రానివ్వడం లేదని నిజాం ప్రభుత్వం ఆరోపించింది. మందులు, ఉప్పు, పెట్రోలు కొరత అయ్యాయని దేశదేశాలకు చెప్పుకున్నది. ఆయుధాలు కావాలన్నా సముద్రతీరం లేదు. చుట్టూ భారతదేశమే. మిగిలింది ఆకాశం ఒక్కటే. ఆ ఆకాశానికి కాటన్‌ను కుదుర్చుకున్నారు.

మూడవ ప్రయాణం: కరాచీ నుండి వరంగల్, బీదర్

కాటన్ లాంకాస్ట్రియన్ విమానాలు సంపాదించాడు. ఇవి రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు వేసిన లాంకాస్టర్‌ను ప్రయాణికుల కోసం మార్చి తయారుచేసినవి. నాలుగు ఇంజన్లు, మంచి మోతబరువు. బ్రిటిష్ పైలట్లు, సిబ్బంది ఆయన కింద పనికి కుదిరారు. కరాచీలో సరుకు ఎక్కించుకుని 1948 వేసవి, వర్షాకాలాలలో రాత్రిళ్లు సంస్థానానికి వచ్చేవారు. దిగేది బీదర్‌లో, వరంగల్ దగ్గరి మామునూరులో.

పటం మీద స్కేలు పెట్టి చూస్తే కరాచీ నుండి బీదర్ సుమారు పదమూడు వందల కిలోమీటర్లు, వరంగల్ పదిహేను వందలు. అందులో ఎక్కువ భాగం భారతదేశం మీదుగానే. పోవడానికి నాలుగు గంటలు, రావడానికి నాలుగు గంటలు. సరుకు దించి, తెల్లవారకముందే సరిహద్దు దాటాలి. జూన్ తరువాత నైరుతి మేఘాలు. కిందినుండి దారి చెప్పే రేడియో సహాయం లేదు. పట్టుబడితే కూల్చవచ్చు. అయితే రాత్రిపూట విమానాన్ని వెతికి పట్టుకునే రాడార్ యుద్ధ విమానాలు అప్పటికి మన వైమానికదళానికి లేవు. చీకటే కాటన్‌కు కవచం. విమానం నడిపే విద్య ఒక్కటే చూస్తే ఇది అసాధారణమైన పని. అందులో సందేహం లేదు.

మా అమ్మ పుట్టిల్లు హుజూరాబాద్ తాలూకాలోని ఒక పల్లె. అక్కడికి మామునూరు దూరం కాదు. ఆ సంవత్సరం వానకాలంలో రాత్రిళ్లు గాలిమోటరు మోత వినపడేదని, వినపడగానే మా అమ్మమ్మ దీపం ఆర్పి పిల్లలను లోపలింట్లోకి తోసేదని అమ్మ చెప్పేది. ఆ మోత ఎవరిదో వారికి తెలియదు. మీద ఎగిరేది దొరలది, సర్కారుది. తమ మేలుకోరేది కాదని మాత్రం తెలుసు. నేను పుట్టింది పోలీసు చర్య జరిగిన రెండేళ్లకు. అయినా ఆ భయం అమ్మ మాటలలో నాకు తెలిసింది.

తాను తెచ్చినది దిగ్బంధంలో చిక్కిన ప్రజలకోసమని, మందులు కూడా తెచ్చానని కాటన్ వాదన. నిజాం కష్టంలో ఉన్నాడని ఆయన నమ్మినట్టే కనపడుతుంది. మందులు తెచ్చి ఉండవచ్చు. కానీ తుపాకులు, మందుగుండు కూడా తెచ్చాడన్నది దాచని సంగతి. వాటికి చెల్లించిన సొమ్ము నిజాం ఖజానాది. ఆ ఖజానా నింపింది శిస్తు కట్టిన రైతు. తన మీదికి ఎక్కుపెట్టే తుపాకీకి తానే వెల కట్టిన పరిస్థితి అది. ఆ తుపాకులు సైన్యం కోసమే అన్నారు. కానీ ఆ రోజుల్లో సైన్యానికీ రజాకారుకూ నడుమ ఉన్న తేడా పట్నంలో కాగితాల మీద ఉండేదేమో గాని పల్లెలో కనపడేది కాదు.

భారత ప్రభుత్వం బ్రిటన్‌కు గట్టిగా అభ్యంతరం తెలిపింది. బ్రిటిష్ పౌరులు బ్రిటిష్ విమానాలలో ఈ పని చేయడం అక్కడి పార్లమెంటు దాకా పోయింది. అయినా విమానాలు వెంటనే ఆగలేదు.

ఐదు రోజుల్లో ముగిసిన కథ

1948 సెప్టెంబరు 13న భారతసైన్యం సంస్థానంలోకి ప్రవేశించింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ప్రధాన దళాన్ని షోలాపూర్ వైపునుండి నడిపించారు. మన వైమానికదళం బీదర్, వరంగల్ విమానాశ్రయాల మీద బాంబులు వేసింది. కాటన్ విమానాలు దిగిన రన్‌వేలే అవి. సెప్టెంబరు 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మరునాడు సేనాని ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. అన్ని రాత్రులు, అంత ప్రమాదం, అంత సొమ్ము పోసి తెచ్చిన ఆయుధాలు నిజాం రాజ్యాన్ని ఐదు రోజులకు మించి నిలబెట్టలేదు.

అక్కడితో అందరి కష్టాలూ తీరలేదని కూడా రాయాలి. పోలీసు చర్య సమయంలోనూ, ఆ తరువాతా సంస్థానంలోని కొన్ని జిల్లాలలో, ముఖ్యంగా మరాఠ్వాడా వైపు, ఏ పాపం ఎరుగని ముస్లిం కుటుంబాలు ఎన్నో బలి అయ్యాయి. ఆ సంగతి విచారించిన సుందర్‌లాల్ సంఘం నివేదిక ఎన్నో ఏళ్ల తరువాత, 2013లో గాని ప్రజలకు అందుబాటులోకి రాలేదు. మన ఆఫీసులలో మనతోపాటు పనిచేసి, మనతోపాటు రిటైరైన ముస్లిం సోదరుల ఇళ్లలో కూడా ఆ రోజుల గాయాలు ఉన్నాయి. తుపాకులు తెచ్చినవాడు విమానం ఎక్కి పోయాడు. ఫలితం మాత్రం ఇక్కడ ఉన్నవారంతా అనుభవించారు.

చివరి దశ

బ్రిటన్‌లో కాటన్ మీద కేసు నడిచింది. విమానయాన నిబంధనలు మీరినందుకు రెండు వందల పౌండ్లు జరిమానా వేశారు. అంతే శిక్ష. తరువాత ఆయన రకరకాల వ్యాపారాలు చేశాడు. సౌదీ అరేబియా, చమురు, కట్టడాలు అంటూ తిరిగాడు. మూడుసార్లు పెళ్లి చేసుకున్నాడు. సంపాదించిన సొమ్ము సంపాదించినట్టే పోయింది. 1969 ఫిబ్రవరి 13న ఇంగ్లాండులో కన్నుమూశాడు. పుట్టిన క్వీన్స్‌లాండ్ నేలలోనే ఆయనకు సమాధి అమరింది.

అదే ఆకాశంలో మరొకరు

ఇక్కడ ఒక మాట చేర్చకపోతే మన ప్రాంతపు విమానచరిత్రకు అన్యాయం జరుగుతుంది. కాటన్ విమానాలు చీకట్లో వచ్చిపోయిన రోజుల్లోనే బేగంపేట నుండి డెక్కన్ ఎయిర్‌వేస్ వారి డకోటా విమానాలు పగటిపూట ప్రయాణికులను, టపాను మోసేవి. ఆ సంస్థ 1945లో ఏర్పడింది. మిగతా కంపెనీలు ఆడది విమానం నడుపుతుందంటే ప్రయాణికులు ఎక్కరని ప్రేమ్ మాథుర్ అనే యువతిని కాదంటే, 1947లో ఆమెకు ఉద్యోగం ఇచ్చింది హైదరాబాద్‌లోని ఈ డెక్కన్ ఎయిర్‌వేసే. ఆమె 1949లో జాతీయ విమానాల పందెంలో గెలిచింది. 1953లో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఒకే ఆకాశం. ఒకరు తుపాకులు తెచ్చారు, ఒకరు మనుషులను క్షేమంగా దించారు.

మన లెక్కలో కాటన్

సిడ్నీ కాటన్‌ను ఎలా తూచాలి? ఇంగ్లాండువారి పుస్తకాలలో ఆయన గొప్ప వీరుడు. సిడ్‌కాట్ సూటు, స్పిట్‌ఫైర్ కెమెరా, ఈ రెండింటికీ నేను కూడా నమస్కారం చేస్తాను. హిట్లర్‌ను ఓడించడంలో ఆయన చెయ్యి ఉంది. ఆ ఓటమి వలన బాగుపడినవారిలో మనమూ ఉన్నాము.

1948 ప్రయాణాల విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. 1939లో, 1948లో ఆయన చూపిన నేర్పు ఒక్కటే. చీకటి, ఎత్తు, మోసం, ధైర్యం అన్నీ అవే. మారింది ఒక్కటే, ఆ పని ఎవరికి ఉపయోగపడింది అన్నది. నేర్పు దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. మనం గుమాస్తాలం. చక్కని డ్రాఫ్టు రాయగల గుమాస్తా చేతినుండి పేదవాడికి పట్టా వచ్చే ఉత్తర్వూ వస్తుంది, అదే పేదవాణ్ణి ఖాళీ చేయించే నోటీసూ వస్తుంది. అక్షరాలు రెండింటిలోనూ ముత్యాల్లాగే ఉంటాయి. కింద ఎవరు ఉన్నారో చూడగల ఎత్తులో కాటన్ ఎగరలేదు. దీపం ఆర్పిన ఇళ్లు పైనుండి చీకటిగానే కనపడతాయి.

ఇక ఆ విమానాశ్రయాల సంగతి. మామునూరులో ఎన్నో దశాబ్దాలు ప్రయాణికుల విమానాలు లేవు. ఆదిలాబాద్‌లో కూడా నిజాం కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉంది. నేను అక్కడ పనిచేసిన రోజుల్లో సైకిలు మీద ఆ మైదానం పక్కనుండి పోయేవాణ్ణి. 2025లో మామునూరు విమానాశ్రయానికి కేంద్రం అనుమతి ఇచ్చింది. అదే సంవత్సరం ఆదిలాబాద్‌లో పౌర విమానాలకు వైమానికదళం సమ్మతి తెలిపింది. మన మనుమలు, మనుమరాళ్లు అక్కడ దిగేనాటికి ఆ నేల చరిత్ర వారికి తెలిసి ఉంటే మంచిది.

అందుకే పెద్దలకు నా మనవి ఒక్కటే. 1948 నాటికి ఊహ తెలిసిన సభ్యులు, సభ్యుల తల్లులు మనలో ఇంకా కొద్దిమంది ఉన్నారు. ఆ రోజుల్లో మీ ఊళ్లో ఏమి చూశారో, ఏమి విన్నారో, ఎవరు ఎవరిని కాపాడారో ఒక తెల్లకాగితం మీద రాసో, పిల్లల చేత రాయించో ఉంచండి. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ట్రెజరీకి వచ్చినప్పుడు ఆ కాగితం సంఘం కార్యాలయంలో ఇచ్చి పోండి. కాటన్ కథ ఆయన వైపునుండి పుస్తకంగా అచ్చయింది. కింద ఉన్నవారి కథ రాయవలసినది మనమే.